చేతికి చెయ్యి

మాస్టారి సంతాప సభలో శిష్యులు మీలో ఒకరు, ఆయన "బంగారం కోసం అడవుల్లో తవ్వేవారు" అన్నారు. ముందు అది సరిచెయ్యాలి. బంగారం కాదు, తగరం. బంగారమే అయితే భవానీపురంలో మా మేడ మీద ఒంటి గదిలో అద్దెకెందుకుంటారు?

మా మేడ మీది మాస్టారు మొన్న మధ్యాహ్నం పోయారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఏటా గోదావరి అవతల అడవులకు వెళ్ళి, పూర్వం తగరం కరిగించిన కొలుముల ఆనవాళ్ళు వెతికేవారు.

"కృష్ణ ఒడ్డున దొరకని తగరం కోసం ఎందుకండీ ఆ తిరుగుడు?" అన్నానోసారి.

"ఇక్కడ దొరకదు కాబట్టే బస్సెక్కుతున్నానమ్మా."

చిన్న తగరం కడ్డీని మన చెవి దగ్గర వంచేవారు. అది కిర్రుమని ఏడ్చేది. లోపలి పలుకులు జరగడం వల్ల ఆ చప్పుడని శాస్త్రం చెప్పి, "అయినా రెండోసారి వంచబుద్ధి కాదు" అనేవారు.

ఆయన బల్ల మీద పాత కొలిమి గోడ పెళ్ళ ఒకటుంది. దాని మీద, మట్టి మెత్తినవాళ్ళ అరచెయ్యి అచ్చుపడి ఉంది. "పేర్లు పోయాయి, వేళ్ళు మిగిలాయి" అనేవారు. వాన కోతకు జారిపోతుంటే తెచ్చారు. ఊరివాళ్ళు ఊరికే ఇవ్వలేదు. చెయ్యి తీసుకెళ్ళేవాడు చెయ్యి పెట్టి వెళ్ళాలట. గోడలో పెళ్ళ ఊడిన ఖాళీలో తడిమట్టి మెత్తి, ఆయన కుడిచేతిని అద్దించుకున్నారు. పెళ్ళ తిరిగిచ్చేస్తానని ఈయన మాటిచ్చి వచ్చారు. తర్వాత మోకాళ్ళు కదలనివ్వలేదు.

అప్పట్నించీ ఆయన కుడిచెయ్యి రోహిణీ కార్తెలో కూడా మంచినీళ్ళ కుండలా చల్లగా ఉండేది. డాక్టరు రక్తప్రసరణ అన్నారు. సైన్సు చదువుకున్నదాన్ని, నేనూ అదే అన్నాను. "నా చెయ్యి తాకట్టులో ఉందమ్మా" అని నవ్వేవారు. చివర్లో నవ్వడం మానేసి, "ఆ పెళ్ళను మీరైనా పంపించండి" అన్నారు. పోయాక ఒళ్ళంతా చల్లబడుతుంటే, ఆ ఒక్క చెయ్యి నా చేతిలో వెచ్చబడింది. దానికి డాక్టరు ఏమంటారో నేనడగలేదు.

ఆదివారం గది ఖాళీ చేస్తున్నారు. "మట్టిపెళ్ళే కదండీ, చెత్తబండిలో వేసేద్దాం" అన్నాడు ఆయన తమ్ముడి కొడుకు.

"దాని వయసుకైనా మర్యాద ఇవ్వు నాయనా" అన్నాను.

శిష్యుల్లో ఎవరైనా ఈలోపే రండి. దారి నేను చెబుతాను. పెళ్ళను తడపకండి. పాత మంగళగిరి పంచె తీసిపెట్టాను, అందులో చుట్టి బస్సులో ఒళ్ళోనే ఉంచుకోండి. ఊరివాళ్ళకు అప్పగించాక, ఆయన అచ్చు మీద నీళ్ళు చల్లి, మట్టి నానాక చెరిపేయండి. వెంట తాపీ తీసుకెళ్ళండి. చేత్తో మాత్రం వద్దు.