బాపు గాల్లో వదిలిన విమానం

నేను లెక్కల టీచర్ని. దయ్యాలు, ఆత్మలు అంటే క్లాసులో పిల్లల ముందే నవ్వేదాన్ని. ఇది రాస్తున్నానంటే నమ్మకం మారిందని కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలనిపించింది, అంతే.

మా ఇల్లు బెల్లంపల్లిలో. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు బొగ్గుగనిలోకి కార్మికులను దించే, పైకి తెచ్చే లిఫ్టు నడిపేవాడు. రిటైరయ్యాక నా పాత కంప్యూటర్లో విమానం నడపడం నేర్చుకున్నాడు. దాన్ని ఆట అంటే ఒప్పుకునేవాడు కాదు. హైదరాబాద్ నుంచి లండన్‌కు పదిగంటలకు పైగా పడితే, అంతసేపూ కూర్చోవాల్సిందే. ముందురోజే నోటుబుక్కులో లెక్క వేసేవాడు: ఎంత బరువు, ఎదురుగాలి ఎంత, ఎంత ఇంధనం చాలు.

ఎక్కువే నింపుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"ఎక్కువ పోస్తె గా బరువు మోసేటందుకే ఇంకింత తాగుతది బిడ్డా. తాగినకొద్ది అల్కగైతది. గప్పుడు జర పైకెక్కియ్యాలె" అన్నాడు.

అలా ఎక్కించే సమయాలు మూడు రాసుకునేవాడు. ఆ నిమిషానికి తనే ఎత్తు మార్చాలి. దానంతటది మారదు.

ఆ శనివారం నేను పనిచేసే సుల్తానాబాద్ నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాను. బాపు పొద్దున ఐదున్నరకు విమానం లేపాడు. ఏడింటికి చాయ్ తీసుకెళ్తే, ఛాతీ పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఆటోలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"విమానం గాల్లున్నది బిడ్డా."

"నేను దించుత బాపూ. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. నాకు దించడం రాదు.

ఆసుపత్రి చేరేసరికే పోయాడు.

ఇంటికి రాగానే, చుట్టాలు ఆయన వస్తువులు కదిలిస్తారని, ఆ గదికి నేనే తాళం వేశాను. తాళంచెవి నా కొంగుకే ఉంది. కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన జరిగింది. నాలుగు దాటాక సమాధి మీద తలా పిడికెడు మట్టి వేశాం. అవ్వతో సహా ఇంటివాళ్లమంతా అక్కడే ఉన్నాం.

తిరిగొచ్చాక ఆటోలో అన్న మాట గుర్తొచ్చి గది తెరిచాను.

విమానం లండన్‌లో ఓ పక్కన ఆగి ఉంది. ఇంజన్లు ఆపేసి ఉన్నాయి, బ్రేకు వేసి ఉంది. ప్రయాణం వివరాలు తెరమీదే కనిపిస్తున్నాయి. దిగింది మన టైం ప్రకారం నాలుగూ పదికి. ఎత్తు మూడుసార్లు మారింది, నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసిన నిమిషాలకే. మిగిలిన ఇంధనం బాపు లెక్క కంటే కాస్త ఎక్కువే ఉంది.

అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దిగిండా?"

"దిగిండవ్వా."

"ఇగ బంద్ చెయ్యమను. పొద్దటి సంది కూసున్నడు" అని లోపలికి వెళ్లిపోయింది.

నేనే బంద్ చేశాను.

తర్వాత మంచిర్యాలలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి కంప్యూటర్ తీసుకెళ్లి, అందులో దాచి ఉన్న ప్రయాణం వివరాలు చూపించాను. చాలాసేపు చూశాడు.

"పైన పోవుడు వరకు గదే పోతది మేడం. చక్రాలు దించుడు, పక్కకు తెచ్చి ఇంజన్ బంద్ చేసుడు మనిషే చెయ్యాలె. ఎవలో కూసున్నరు."

ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను. ఆయన కంప్యూటర్ సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. నాకూ ఇంతకంటే తెలియదు.