నాలుగు రంధ్రాలూ సమానమే అనుకున్నాను

ఈ పొద్దున ఒక పలక ముక్క నా పరువు తీసింది. వాన పడి చేను దున్నే పదును మీదుంది, నాయన ట్రాక్టరేమో నల్లపొగ కక్కుతోంది. ఇంజిన్‌లోకి నాలుగు రంధ్రాల్లోంచి డీజిల్ చిమ్మే నాజిల్ బాగానే ఉందని నేను బల్లగుద్ది చెప్పాను. డీజిల్ తుంపరగా ఎలా విడిపోతుందో మూడు రోజులు ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్ నడిపాను మరి! నాయన వినలేదు, మార్కాపురం మెకానిక్ దగ్గరికి లాక్కుపోయాడు. ఆ మెకానిక్ మస్తాన్ మామ నాజిల్‌ని చేతిపంపుకు బిగించి, తుంపర అచ్చు పడేలా ఎదురుగా పలక ముక్క నిలబెట్టి మీట నొక్కాడు.

“ఏంది అల్లుడా, నాలుగు బొక్కలూ బాగుండాయంటివి? మూడు తుంపర కొడతాండాయి, నాలుగోది ఉచ్చ పోస్తాంది సూడు!”

“కంప్యూటర్ ఒక్క బొక్కనే లెక్కేసింది మామా. తక్కిన మూడూ అట్లనే ఉంటాయని దానికి నేనే చెప్పినా.”

“ఎవర్నడిగి చెప్పినావురా?” అన్నాడు నాయన.

కోపం నషాళానికంటింది, కానీ తిట్టడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు. నాజిల్ మార్చాం, సాయంత్రానికి సగం చేను దున్నాం. సమానత్వం రావాలని ఊరూరా కరపత్రాలు పంచే నేను, నాజిల్‌లో మాత్రం అది వచ్చేసిందని నమ్మాను. మీలోనూ ఇట్లా దొరికిపోయినవాళ్లుంటే కింద రాయండి, నాయనకు చదివి వినిపించాలి.