చక్రం కింద చుక్క

సమస్త పాఠక మహాశయులకు ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఈ వ్యాసంలో కన్నీళ్లు తక్కువగా, ప్లాస్టిక్ ముక్కలు ఎక్కువగా ఉన్నందుకు, పెద్దమనిషి స్మృతిలో పిల్లలాటల ముచ్చట తెస్తున్నందుకు, బీటెక్ చదివి కూడా పద్ధతిగా ఏడవడం నేర్చుకోనందుకు, ఇంకా ఈ భూమ్మీద నా వల్ల జరిగిన, జరగని సకల అపరాధాలకూ చేతులు జోడించి మన్నింపు వేడుకుంటున్నాను. గద్వాలలో మా పక్కింటి సారు పోయారు.

అచ్చంపేటలో కూతురింటికి వెళ్లి, పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే పోయారట. ఫోన్ నాకొచ్చింది. "అమ్మకు నువ్వే చెప్పు తమ్మీ, నాతోని కాదు" అంది ఆయన కూతురు. నేను పెద్దమ్మ అని పిలిచే సారు భార్య అప్పుడు గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నేను చెప్పాను. ఆమె చేటలోకే చూస్తూ, "చాయ్ మొత్తం తాగిండా?" అని అడిగింది. 

ఆయన నాకు పాఠం చెప్పిన సారు కాదు. వనపర్తిలో ఓ ఐటీఐలో ముప్పై ఏళ్లు ఫిట్టరు పని నేర్పి, రిటైరయ్యాక మాతో ఒకే గోడ పంచుకున్నారు. నన్ను పేరుతో ఏనాడూ పిలవలేదు. "ఏం ఇంజినీరూ, ఇనుము రుద్దే ఆకురాయి ఏ చేత్తోని పడ్తరో తెలుసా?" అనేవారు. నాకు తెలియదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా రోజూ అడిగేవారు.

మనుమరాలి పుట్టినరోజుకని ఒకసారి ప్లాస్టిక్ ఇటుకల పెట్టె కొన్నారు. ఒకదాని మీద ఒకటి అతికించి ఇళ్లు, బండ్లు కట్టుకునే ఇటుకలు. కాగితం చింపి తానే కూర్చుని కట్టేశారు. పిల్లకు వేరే పెట్టె కొనాల్సి వచ్చింది. కట్టాక తలెత్తి, "ఏందిరా ఇది? కోట ఉంది, ఓడ ఉంది, సముద్రపు దొంగోడు గూడ ఉన్నడు. నాగలి లేదు! వీళ్లు అన్నం తింటరా లేదా?" అన్నారు.

వారం తిరిగేసరికి నాగలి తయారైంది. కట్టెతో మొదటి నమూనా చెక్కి, దానికి అచ్చు తీసి, అందులో రంగు కలిపిన రెజిన్, అంటే ఆరితే ప్లాస్టిక్‌లా గట్టిపడే జిగురు, పోశారు. కంపెనీ ఇటుక మీద పెట్టి నొక్కితే దాని సొంత బిడ్డలా అతుక్కుంది. ఆ తర్వాత కావడి, మగ్గం, మన్ననూరు దగ్గరుండే అడవి చెక్‌పోస్టు గేటు. కంపెనీ ఎప్పుడో చేయడం మానేసిన పాత చక్రాలు కూడా చేశారు. బొమ్మ ఇటుకలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసే ఆన్‌లైన్ అంగడిలో నేను మా దుకాణం తెరిచాను. తయారీ సారుది. ఫొటోలు, ప్యాకింగు, పోస్టాఫీసు నా శాఖలు.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. చేసిన ప్రతి ముక్కనూ బోర్లించి, అడుగున సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఇనుప పుల్ల ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. టక్. ఆవగింజలో సగమంత గుంట పడేది. చుక్క ఉంటే మనది, లేకుంటే కంపెనీది. కంపెనీ పాత ముక్కలు కూడా కొని అమ్మేవాళ్లం కాబట్టి రెండింటికీ రెండు రేకు డబ్బాలు. చుక్క మీద ఆయన పట్టుదల ఎంతంటే, రిపేరు చేసిన మా ఇంటి ఇస్త్రీపెట్టెకు కూడా పెట్టారు. "కంపెనీవోడు రేపు అడిగితే, ఈడిదాంక నీది, ఈడికెళ్లి నాది అని చెప్పొద్దా?" అన్నారు. మధ్యాహ్నాలు నేను ఉద్యోగ పరీక్షల పుస్తకం ముందు కునుకు తీస్తుంటే గోడ అవతల టక్, టక్ వినిపించేది. ఎన్ని టక్కులో అన్ని ముక్కలు.

ఆ అంగడిలో అప్పుడు పెద్ద రగడ నడుస్తోంది. కంపెనీవి కాని ముక్కలను అమ్మనివ్వాలా వద్దా అని. కొందరు నకిలీలను గెంటేయమన్నారు. కొందరు సొంత చేతిపనికి చోటు ఉండాలన్నారు. సారు నాతో ఇలా రాయించారు. "కంపెనీ పేరు పెట్టుకొని అమ్మెటోడు దొంగ. నా చుక్క పెట్టుకొని అమ్మెటోన్ని దొంగ అంటే ఎట్ల? చుక్క లేనోన్ని ఎల్లగొట్టున్రి. చుక్క ఉన్నోన్ని ఉండనియ్యిన్రి." నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పెట్టాను. ఆ మాట చాలామందికి నచ్చింది. అంగడి నడిపేవాళ్లు కూడా, గుర్తు ఉన్నవాటిని అనుమతించే విషయం ఆలోచిస్తున్నామన్నారు. ఆ సాయంత్రం సారు పెద్దమ్మతో మిర్చి బజ్జీలు వేయించారు. ఆయన సంబరం అంతవరకే వెళ్లేది.

నిషేధం కావాలన్న వాళ్లలో అందరికన్నా గట్టిగా అరిచింది పుణెలో ఒకాయన. నకిలీ ముక్కను కళ్లు మూసుకుని వేలితో తడిమి పట్టేస్తానని రాశాడు. ఆయనే మా దుకాణంలో పన్నెండు పసుపు చక్రాలు అడిగాడు. కంపెనీవి మాత్రమే కావాలన్నాడు. "చుక్క లేని డబ్బాలకెల్లి తీసి పంపు" అన్నారు సారు. పంపాను. అందగానే ఆయన ఫొటో పెట్టి, అసలుది అంటే ఇదీ, చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది అని పరవశించాడు.

మూడు వారాలకు ఒక చక్రం కింద పడి విరిగింది. లోపల సన్నటి గాలి బుడగలు. కంపెనీ ముక్కలో అవి ఉండవు. అడుగున చుక్క కూడా లేదు. ఆయన ఆ ఫొటో అందరికీ చూపించి, ఇదిగో చుక్కల సత్యవంతుడు అని రాశాడు. చక్రాలన్నీ తిప్పి పంపాడు.

పెట్టె విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సారు ఒక చక్రం తీసి కిటికీ దగ్గరికి వెళ్లారు. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, అడుగున గోటితో ఒకసారి మెల్లగా గీశారు. చక్రాన్ని తెచ్చి మళ్లీ పెట్టెలో పెట్టారు.

"చెయ్యి మరిచింది ఇంజినీరూ" అన్నారు. "చుక్క పెట్టకుండనే ఇడిసిన. చుక్క లేదు గద, కంపెనీ డబ్బాల పడ్డయి."

పెద్దమ్మ ఊరుకోలేదు. "ఏం మరిచింది? చక్రాలు చేసిననాడు పన్నెండుసార్లు కొట్టినవ్. నేను బియ్యం ఏరుకుంట ఇన్న."

"ఇన్నవేమో. కొట్టింది బల్ల మీదనేమో."

"బల్లకు చుక్కలేడున్నయి మరి?"

"ముసలోన్ని గిట్ల పరేషాన్ చేయకే" అని సారు నవ్వారు. నవ్వి నా వైపు తిరిగారు. ముఖం వైపు కాదు, చేతుల వైపు. "రాయి. తప్పు నాది, నా చెయ్యి మరిచింది, ఆ పిలగాడు నేను చెప్పిన డబ్బాలకెల్లే తీసిండు అని రాయి."

రాశాను. అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో పెట్టాను. జీవితంలో నేను చేసిన అతి శుద్ధమైన అనువాదం అదే.

నిషేధం కోరినవాళ్లు ఆ ఉత్తరాన్నే పట్టుకున్నారు. ఇంత నిజాయితీపరుడే మరిచిపోతే ఇక గుర్తును నమ్మేదెట్లా అని అడిగారు. అంగడి నడిపేవాళ్లు వాళ్ల మాటే విన్నారు. చుక్క ఉన్నవీ లేనివీ, కంపెనీవి కానివన్నీ అంగడి నుంచి పోయాయి. ఎక్కడెక్కడో సొంతంగా ముక్కలు చేసి అమ్ముకునే చిన్న చిన్న చేతిపనివాళ్లంతా మాతోపాటే పోయారు. సారు అచ్చులను బస్తాలో కట్టి అటకెక్కించారు. వీధిలో ఎవరైనా కుక్కరు పిడి తెస్తే, "చెయ్యి మరుస్తున్నది నాయనా, వేరే ఎవలికన్న చూపియ్యి" అనేవారు. ఫిట్టరుగా బతికిన మనిషి ఆ మాటను పదిమంది ముందు మామూలుగా చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ నేను అక్కడే ఉండేవాణ్ని.

ఇప్పుడు మధ్యాహ్నాలు గోడ అవతల ఎవరూ ఏమీ కొట్టరు. అయినా కునుకు పట్టే వేళకు టక్ అని వినిపించి లేస్తున్నాను. లెక్కపెడుతున్నాను. ఎప్పుడు లెక్కపెట్టినా పన్నెండే. ఇస్త్రీపెట్టె బోర్లిస్తే చుక్క. చెంబు కింద చుక్క. కుర్చీ కాలికి చుక్క. ఆయన ఎంతవరకు తనదో అంతవరకే రాసుకుని వెళ్లిన ఇల్లు మాది.

పదో రోజున పెద్దమ్మ నన్ను పిలిచి ఒక రేకు డబ్బా చేతిలో పెట్టింది. "అచ్చంపేటకు పోయేముందు చెప్పిండు. ఇంజినీరుకియ్యి, వానియే అన్నడు." అందులో పదకొండు పసుపు చక్రాలు, విరిగినది ఒకటి, సెంటర్ పంచ్, చిన్న సుత్తి.

వానివే అన్నారు. ముప్పై ఏళ్లపాటు ఇనుము అరగదీయడం నేర్పిన మనిషి, ఏ పిల్లాడు ఎటు నుంచి ఎటు రుద్దాడో ముక్క చూసి చెప్పగల మనిషి, ఆ రోజు కిటికీ దగ్గర గోటితో గీసి చూసిన మనిషి.

చక్రం ఒకటి నా బల్ల మీద బోర్లించి ఉంది. ఇరుసు పక్కన నున్నగా ఉన్న చోట పంచ్ ఆనించి పెట్టాను. సుత్తి చేతిలో ఉంది. కొడితే గోడ అవతల బియ్యం ఏరుతున్న పెద్దమ్మకు వినబడుతుంది. ఆమె లెక్కపెడుతుంది.

మొదట్లో కోరిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. వాటిలో ఒక్కటీ నిజం కాదు. పుణె ఆయన వేలిని ఓడించి నవ్వుకోవాలని, చుక్క ఉన్న డబ్బాలోంచి పన్నెండు చక్రాలు తీసి, సారు బల్ల సొరుగులోని సాండ్ పేపర్‌తోనే రుద్ది పంపాను. సారు చెయ్యి దేన్నీ మరవలేదు. చుక్కలు అరగదీసింది నేను.