మా బావ నాలుక, వీరన్నపాలెం రాయి

మా శ్రీరామ్మూర్తి బావ రాయి కనిపిస్తే నాకుతాడు. అక్క మొగుడు, కాలేజీలో భూగర్భశాస్త్రం లెక్చరరు. తడిస్తేనే రాతిలో ఏనాటివో గవ్వలు, నత్తగుల్లలు బయటపడతాయట.

"నీళ్లు పొయ్యొచ్చు కదా బావా?"

"బిందె సంకనెట్టుకుని తిరగమంటావేటి?"

ఆయన పక్కన నడవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. గోపాలపట్నంలో నా పెళ్లిచూపులకు వెళ్తే, పిల్ల కాఫీ తెచ్చేలోగా వాళ్ల గుమ్మం మెట్టు నాకి చూశాడు. పిల్ల తండ్రి చూసిన చూపుకి నేను కుర్చీలోనే కుంచించుకుపోయాను. కాఫీ చల్లారకముందే సంబంధం పోయింది.

డెబ్బై తొమ్మిదిలో బావ సముద్రం వైపు ఓ కొత్త సున్నపురాయి పొరని పట్టుకున్నాడు. దానికింకా పేరు లేదు. పేరు పెట్టడానికో ఆచారం ఉంది. పొర అడుగు నుంచి పైదాకా ఎక్కడ బాగా కనిపిస్తే ఆ ఊరి పేరే పెట్టాలి. రోడ్డు పక్క క్వారీలో బాగానే కనిపిస్తోంది, అక్కడి టౌను పేరు రాసేస్తే సరిపోయేది. కానీ ఈయన ప్రతి ఆదివారం నన్ను లాక్కుని వీరన్నపాలెం పోయేవాడు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన పల్లె అది. అప్పటికే సగం ఇళ్లు ఖాళీ.

అక్కడ గోడ, గట్టు, రుబ్బురోలు, దేన్నీ వదల్లేదు. తన గుమ్మంరాయి నాకుతున్న లెక్చరర్ని చూసి సన్యాసమ్మ అనే ముసలావిడ గుండెలు బాదుకుంది.

"ఓలమ్మ, ఆకలేత్తందేటి బాబూ? గంజి పోత్తానుండు!"

బావ శుభ్రంగా గంజి తాగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"క్వారీ ఉండగా ఇల్లిల్లూ నాకుడేటి బావా? పరువు పోతంది."

"పోనీరా. పొర ఈ ఊళ్లోనే బాగా కనిపించాల. లేపోతే ఈ ఊరి పేరు ఎట్టలేను. అబద్ధం రాయలేను గదా."

"ఏ పేరైతే ఏటి?"

"ఆయమ్మనే అడుగు."

సన్యాసమ్మ గంజి చెంబు కడుగుతోంది. "కొత్త కాలనీకి నంబరేనంట బాబూ. మావెల్లిపోతే ఈ ఊరి పేరు పలికే నోరుండదు."

నాకు మళ్లీ సిగ్గేసింది. ఈసారి నన్ను చూసి నాకే.

చివరికి పొర మొత్తం ఊరి నూతి లోపలి గోడలో దొరికింది. బావ నడుముకి తాడు కట్టుకుని దిగి, అడుగు నుంచి నాకుతూ పైకొచ్చాడు. ఊళ్లో మిగిలినవాళ్లతో కలిసి నేనూ తాడు లాగాను.

ఊరు లేచిపోయాక ఆయన వ్యాసం అచ్చయింది. అందులో పేరు, వీరన్నపాలెం సున్నపురాయి. బావ కాలనీకి వెళ్లి ఆ నూతిరాయి ముక్క సన్యాసమ్మ చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇంక ఏ దేశపోడు ఈ రాయి గురించి సెప్పినా మీ ఊరి పేరే సెప్పాల."

ఆవిడ రాయిని కళ్లకద్దుకుంది. అటూ ఇటూ చూసి, నాకింది.

"మా నూతి ఉప్పునీల్ల రుసే బాబూ!"

వీధి వీధంతా వరస కట్టింది. రాయి చేతులు మారి నా దగ్గరకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా బస్సు ఆగింది. కిటికీలోంచి గోపాలపట్నం పిల్ల తండ్రి నాకేసే చూస్తున్నాడు.

నా చెవులు వేడెక్కాయి. అయినా నాకాను. నిజమే, ఉప్పగా ఉంది.