ఉప్పు కాపడం

లక్ష్మీనర్సమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే. పెనం మీద దొడ్డుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూటకట్టి, నొప్పి ఉన్నచోట అద్దడం. ఆమె తల్లి అదే చేసింది, అత్త అదే చేసింది. మక్తల్ చుట్టుపక్కల నేతవాళ్ళ ఇళ్ళలో, రోజంతా గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చునే మగవాళ్ళకు పొద్దుగూకేసరికి ఈ కాపడం పడాల్సిందే. ఎవరో డాక్టరమ్మ వద్దన్నంత మాత్రాన మానుకునే అలవాటా అది?

వద్దన్న డాక్టరమ్మ పేరు ఉష. పాలమూరులో ఒక ప్రైవేటు దవాఖానలో కొత్త మందు పరీక్షలు ఆమే చూస్తోంది. నర్సమ్మ భర్త సిద్దిరాములు మీసం రాకముందు నుంచీ కాల్చిన బీడీలు అతని కుడికాలి రక్తనాళాలను పూడ్చేశాయి. బొటనవేలు నల్లబడింది. మోకాలి కింద తీసేయాలని అప్పటికే రెండుచోట్ల చెప్పేశారు. కాళ్ళతో మగ్గం పలకలు తొక్కి చీర నేసేవాడికి కాలు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? అలాంటప్పుడు ఉష ఈ మందు సంగతి చెప్పింది. ఎవరో దానమిచ్చిన ఎముక మజ్జలోంచి మూలకణాలు తీసి, ల్యాబులో పెంచి, పిక్కలోకి ఇంజక్షన్ ఇస్తారు. అవి కాలిలో కొత్త రక్తనాళాలు పుట్టిస్తాయని కంపెనీ ఆశ. ఆ ఆశ నిజమని రోగుల మీద తేలితేనే మందు అమ్మకానికి అనుమతి వస్తుంది. పరీక్షలో కొందరికి అసలు మందు, కొందరికి వట్టి నీళ్ళమందు. ఎవరికి ఏది పడిందో ఉషకు కూడా తెలియదు.

"బీడీ ముట్టొద్దు. కాలికి పసరు, కాపడం, ఏదీ పెట్టొద్దు. మాకు తెలియకుండా మీరేదైనా చేస్తే, జరిగింది మా మందు వల్లో మీ వల్లో మేం చెప్పలేం," అని ఉష ఒకటికి రెండుసార్లు చెప్పింది. నర్సమ్మ బుద్ధిగా తల ఊపింది.

ఇంజక్షన్ అయ్యాక ఇంటికి వచ్చారు. కార్తీకం చలి మొదలైంది. సాయంత్రం భర్త పాదం పట్టుకుంటే చచ్చిన మనిషిని ముట్టుకున్నట్టుంది. నర్సమ్మకు డాక్టరమ్మ మాట గుర్తుంది, కానీ చేతులు ఊరుకుంటేనా! పొయ్యి ముట్టించింది.

"ఎట్లుందయ్యా?" అని మూట అద్దుతూ అడిగింది.

"హాయిగుందే," అన్నాడు సిద్దిరాములు.

ఆ ఒక్క మాటకు ఆమె కడుపు నిండిపోయింది. మర్నాడు ఉప్పు ఇంకాస్త ఎర్రగా వేయించింది. "ఎట్లుందయ్యా?" "హాయిగుందే." ఆ పై సాయంత్రం ఇంకాస్త. చివరికి అరికాలు నిండా బొబ్బలు లేచాయి. అవి చితికి పుండైంది.

దవాఖానలో పుండు చూసిన ఉష మొహం పాలిపోయింది. "కాలికి ఏమైనా పెట్టారా?"

"ఏం పెట్టలే మేడం," అంది నర్సమ్మ. నిజం చెబితే పరీక్షలోంచి గెంటేస్తారని, గెంటేస్తే కాలు తీసేస్తారని ఆమె భయం. సిద్దిరాములు భార్య మొహం చూసి తల దించుకున్నాడు.

ఆమె అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. పుండు సంగతి తెలియగానే కంపెనీ మొత్తం పరీక్షనే ఆపేసింది. అది మందు చేసిన గాయం కాదని తేలేదాకా ఎక్కడా, ఎవరికీ ఇంజక్షన్ ఇవ్వొద్దని హుకుం.

సిద్దిరాములును దవాఖానలోనే ఉంచేశారు. ఆ 'ఎవరికీ'లో మొదటివాడు అతని పక్క మంచం మీదే ఉన్నాడు. గొర్రెలు కాసే గుర్వయ్య. అదే జబ్బు, అదే నలుపు. మర్నాడు పొద్దున్నే ఇంజక్షన్ అని, భార్య బక్కమ్మ కులదేవతకు ముడుపు కూడా కట్టింది. ఇప్పుడు మందు లేదు. నలుపు మడమ దాకా పాకుతోంది. ఇంక ఆగలేమని, రేపు కాలు తీసేద్దామని సర్జన్ వచ్చి చెప్పి వెళ్ళాడు.

బక్కమ్మ జొన్నరొట్టె విరిచి నర్సమ్మ చేతిలో పెట్టింది. "అక్కా, గొర్ల ఎంబడి నడవకుంటె గీ మనిషి బతకడు. మీ ఆయనకు నిజంగ గా సూదితోనే పుండైందా?"

నర్సమ్మ ఆ రొట్టెను కొరకకుండానే కొంగున కట్టుకుని, నీళ్ళకని లేచింది. చెబితే తన మొగుడి కాలు, చెప్పకపోతే ఈమె మొగుడి కాలు. ఎంత పాపిష్టి తూకమో చూడండి! పైగా ఆ తూకం పట్టుకున్నది ఆమె ఒక్కతే.

హైదరాబాదు నుంచి కంపెనీ మనుషులిద్దరు వచ్చి ఉష గదిలో కూర్చున్నారు. సిద్దిరాములును చక్రాల కుర్చీలో అక్కడికి తీసుకెళ్ళారు. నర్సమ్మ వెనకే నడిచింది. ఆ గది తలుపు పక్కనే బక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమెను దాటి లోపలికి వెళ్ళడం నర్సమ్మ వల్ల కాలేదు. గడపలోనే నిలబడి అరిచినంత పని చేసింది.

"నేనే కాల్చిన! ఉప్పు కాపడం పెట్టిన. సూది తప్పేం లేదు మేడం, జర గుర్వయ్యన్నకు ఇయ్యుండ్రి!"

ఉష కుర్చీలోంచి లేచి అడిగింది, "ఇంత కాలేదాకా ఎలా పెట్టారమ్మా? ఆయన చెయ్యి తీయమనలేదా?"

"హాయిగుందన్నడు మేడం. రోజూ గదే మాటన్నడు."

ఉష సిద్దిరాములు వైపు తిరిగింది. "పాదానికి స్పర్శ పోయిందని మీకు మొదటి రోజే చెప్పాను. ఇంట్లో చెప్పమన్నాను కదా?"

సిద్దిరాములు పంచె అంచు నలుపుతూ కూర్చున్నాడు. "అది అంత ప్రేమతోని పెడ్తాంది. నాకేం తెలుస్తలేదంటె ఏడుస్తదని..." అని ఆపేశాడు.

నర్సమ్మకు అప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ అబద్ధపు 'హాయి' కోసం ఎన్ని సాయంత్రాలు పొయ్యి ముందు కూర్చుంది! మొగుడి భుజం మీద ఒక్కటి వేసింది. కంపెనీ మనుషులు తలలు తిప్పుకున్నారు.

విచారణలన్నీ ముగిసి అనుమతి వచ్చేదాకా సర్జన్‌ను ఆపడానికి ఉష ఎంతమంది కాళ్ళు పట్టుకుందో ఆమెకే తెలియాలి. మొత్తానికి గుర్వయ్యకు ఇంజక్షన్ పడింది. సిద్దిరాములును గెంటేయలేదు గానీ, అతని కాలిని మందు ఫలితాల్లో కలపకపోవచ్చని చెప్పారు. బొటనవేలు తీసేశారు. మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఇంటి దగ్గర నర్సమ్మ రోజూ పుండు కడిగేది. నీళ్ళు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసేది.

"ఎట్లుందయ్యా?"

"ఏం తెల్వలేదే," అనేవాడు సిద్దిరాములు. ఆ జవాబు కూడా ఆమెకు అలవాటైపోయింది.

ఎండలు ముదిరాక ఒకనాడు ఆమె గుడ్డతో అరికాలు తుడుస్తుంటే కాలు చటుక్కున వెనక్కి పోయింది. పక్కనున్న చెంబు దొర్లింది.

"మెల్లగనే! నొస్తాంది!" అని కసిరాడు.

నర్సమ్మ గుడ్డ కింద పెట్టేసింది. అసలు మందు పడిందో, నీళ్ళమందే పడిందో ఈనాటికీ వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆమె ఆ పాదాన్ని మెల్లగా తన ఒడిలోకి తీసుకుంది.

"ఇంకోపారి చెప్పయ్యా," అంది.