విత్తనాల గదిలో ప్రార్థన

భర్త పోయాక నేను అల్లవరంలో తమ్ముడి ఇంట్లో ఉండేదాన్ని. పడవల రేవు దగ్గర పాదిరిగారు చెప్పిన మాటలు విని, యేసుప్రభువుకు ప్రార్థించడం మొదలుపెట్టాను. అది తెలిసిన రోజే తమ్ముడు నన్ను విత్తనాల ధాన్యం దాచే గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు.

"ఆ ప్రార్థన మానేస్తానను అక్కా, ఇప్పుడే తీసేస్తాను," అన్నాడు తలుపు అవతల నుంచి. అతని గొంతులో కోపం కంటే, ఊరు వెలి వేస్తుందన్న భయమే ఎక్కువ వినిపించింది. అయినా నేను ఆ మాట అనలేకపోయాను.

ఆ గదికి కిటికీ లేదు. ధాన్యపు నుసికి ఊపిరాడేది కాదు. మోకాళ్ళ మీద ఉండి, తలుపు తెరిపించమని దేవుణ్ణి రోజంతా వేడుకునేదాన్ని. నాకు అన్నం పెట్టడానికి తప్ప ఆ తలుపు తెరుచుకోలేదు. నాలుగో రోజు మరదలు కంచం లోపల పెట్టి, మెల్లగా అడిగింది.

"మీ దేవుడు పలికేడాండీ వదినగారూ?"

"లేదమ్మా."

"మరింకా ఎందుకండీ పిలవడం?"

ఆమె వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను. బయటికి పంపమని అడిగే ఓపిక కూడా పోయింది.

"తండ్రీ, నేను రాలేను. నువ్వే లోపలికి రా," అన్నాను.

తలుపు మూసే ఉంది. కాని ఆ చీకట్లో నేను ఒక్కదాన్నే లేనని మాత్రం తెలిసింది.

తొలకరి పడ్డాక, విత్తనాలు తియ్యాలి కాబట్టి నన్ను బయటికి రానిచ్చారు. వాకిలి మాత్రం దాటనివ్వలేదు. ఆ ఇంట్లోనే, పొయ్యి ముందు కూర్చుని, పెదవులు కదపకుండా ప్రార్థించడం నేర్చుకున్నాను.