నాలుగు వరుసల గాజు గిన్నె

పెళ్లయి ఆదోనికి కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో నాకు మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. మా ఆయన పొద్దున్నే పత్తి మిల్లుకు పోతే సాయంత్రానికి గానీ వచ్చేవాడు కాదు. మేడ మీద రెండు గదులు మావి. ఎమ్మిగనూరులో మా పుట్టింట తెల్లారేసరికి మగ్గం చప్పుడు మొదలయ్యేది. ఇక్కడ ఆ చప్పుడు లేక పగలు కునుకు పట్టేది కాదు, అలాగని పూర్తిగా మేలుకున్నట్టూ ఉండేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని, ఎండలో తేలిపోయే దూది పోగులను చూస్తూ ఉండిపోయేదాన్ని.

కింది ఇల్లు మాకు ఆ గదులు అద్దెకిచ్చినవాళ్లది. అందులో ఒక పెద్దామె ఉండేది. వీధంతా ఆమెను ఖాలా అని పిలిచేవాళ్లు. ఉర్దూలో పిన్నమ్మ అన్నమాట. ఆమె భర్త బజారులో చీరల అంగడి నడిపి కాలం చేశాడు. ఇద్దరు కొడుకులు ఆ అంగడి చూసుకునేవాళ్లు. ఇంట్లో ఇద్దరు కోడళ్లు, పెద్దకోడలి కూతురు నాలుగేళ్ల పాప.

ఒకరోజు మధ్యాహ్నం మెట్ల కింద నుంచి పిలుపు వినిపించింది.

"ఎమ్మిగనూరు అమ్మాయీ, రొంత కిందికొస్తావా?"

వెళ్లాను. కోడళ్లిద్దరూ పాపను తీసుకుని బట్టలు కొనడానికి పోయారట. ఖాలా వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. ముందు ఒక పెద్ద గాజు గిన్నె, బిస్కెట్ పొట్లాలు, కస్టర్డ్ పొడి డబ్బా. ఆమె నా మొహం వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ మాట్లాడింది.

"నీకొక మాట సెప్తా, ఎవురికీ సెప్పొద్దు. నాకు సూపు పోతాంది. ఎదురుగా మబ్బు పట్టినట్లుండాది. పక్కన మాత్రం రొంత వెలుతురు కనపడ్తాది."

"మీవాళ్లకు తెలుసా ఖాలా?"

"తెలిస్తే పొయ్యి దగ్గరికి రానిస్తారా? రేపు పాపకు బిస్మిల్లా. ఈ ఇంట్లో ఏ పిల్లకు ఏ వేడుకైనా పుడ్డింగు నేనే సేసినా. ఈసారి బేకరీలో కేకు తెస్తామంటాండారు. నువ్వు రొంత సూసి సెప్తే సాలు, సేతులు నావే."

నాలుగేళ్ల నాలుగు నెలలు నిండిన పిల్లలకు మొదటి అక్షరం చెప్పించే వేడుకను వాళ్లు బిస్మిల్లా అంటారు. నాకు అది కొత్త. పుడ్డింగూ కొత్తే. మా ఇంట్లో పండగైనా పెళ్లయినా ఓళిగలే, అంటే బొబ్బట్లే. పెనం సెగకు మా అమ్మ మొహం ఎర్రబడితేనే మాకు వేడుక మొదలైనట్టు. ఇక్కడేమో కాసేపు మరిగించుకోవడం తప్ప పొయ్యితో పెద్ద పనే లేదు. మిగతాదంతా చల్లదనమే చేసిపెట్టాలి.

అడుగున పాలలో ముంచిన బిస్కెట్ల వరుస. దాని మీద పసుపుపచ్చ కస్టర్డ్. ఆ పైన చక్కెర వేసి గిలక్కొట్టిన తెల్లటి మీగడ. అన్నిటికీ పైన గులాబీ షర్బతు కలిపిన చైనా గ్రాస్. అదొక సముద్రపు నాచు. ఎండిన పోగుల్లా ఉంటుంది, నీళ్లలో మరిగిస్తే కరిగి, చల్లారితే అద్దంలా గడ్డకడుతుంది. ఒక్కో వరుసా ఫ్రిజ్‌లో గట్టిపడేదాకా ఆగి తరువాతది పోయాలి. నాలుగు వరుసలకు ఒక మధ్యాహ్నం మొత్తం పడుతుంది.

ఖాలా పని చేస్తుంటే ఆమెకు కనపడదని నమ్మడం కష్టం. కస్టర్డ్ చిక్కబడేది గరిట చప్పుడుతో పసిగట్టేది. "ఇంగ దించు, పాలు మాటలాడ్డం మానేసినాయి" అనేది. బిస్కెట్‌ను పాలలో ముంచి, వేళ్ల మధ్య బరువు చూసి, విరగకముందే గిన్నెలో పేర్చేది. వరుస గట్టిపడిందో లేదో తెలుసుకోవడానికి గాజు గిన్నె వెలుపల వేలి వెనకభాగం ఆనించి కిందినుంచి పైకి జరిపేది. చల్లదనం ఎక్కడిదాకా వచ్చిందో ఆ వేలికి తెలిసేది.

రంగులు మాత్రం నన్ను అడిగేది.

"పసుపు ఎట్లుండాది?"

"మా నాయన నూలుకు అద్దే పసుపు మాదిరే ఉండాది ఖాలా. ఎండలో ఆరేసినప్పటిది కాదు, తడిగా ఉన్నప్పటిది."

ఆమె చిన్నగా నవ్వి తల ఊపింది. అంగడి ఇల్లాలు కదా, చీరల రంగులు అన్నీ ఆమెకు లోపల ఉన్నాయి. ఆ మధ్యాహ్నం కరెంటు వస్తూ పోతూ ఉంది. ఫ్యాను ఆగినప్పుడు ఇల్లంతా పాల వాసన, యాలకుల వాసన. మేమిద్దరం గచ్చు మీద కూర్చుని, ఫ్రిజ్ తలుపు వెనక ఏదో నిద్రపోతున్నట్టు, లేపకూడదన్నట్టు, గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

మూడు వరుసలు అయ్యాయి. చైనా గ్రాస్ కరిగించి వడగట్టి షర్బతు కలిపాం. అప్పుడు నమాజు వేళయింది.

"నేనొచ్చేదాకా పొయ్యొద్దు. గోరువెచ్చగా కావల్ల. వేడి మీద పోస్తే మీగడ కరిగిపోతాది" అని చెప్పి ఖాలా గోడ పట్టుకుని లోపలికి పోయింది.

నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పుడు కూడా సరిగ్గా చెప్పలేను. పొయ్యి పక్కన చిన్న గిన్నెలో ఆ ఎర్రటి నీళ్లు అంత అందంగా ఉన్నాయి. ఆమె తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటే ఎంత సంతోషపడుతుందో అనుకున్నాను. గరిటతో తీసి మీగడ మీద పోశాను. ఒక్క క్షణం ఎర్రగా నిలబడింది. అంతలోనే మీగడ మధ్యలో కుంగింది. ఎరుపు తెలుపులోకి, తెలుపు పసుపులోకి దారి చేసుకుంటూ దిగాయి. వాన నీళ్లలో చీర రంగు వదిలినట్టు గిన్నె మొత్తం కలక బారింది. చూస్తూ నిలబడిపోయాను. ఖాలా అడుగులు వినపడగానే గబగబా గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టేశాను.

ఖాలా వచ్చి అడిగింది. "పోసేసినావా? వరుసలు నిలబడినాయా?"

"నిలబడినాయి ఖాలా" అన్నాను.

"గీత గీసినట్లు?"

"గీత గీసినట్లు."

ఆమె మొహం వెలిగింది. నా తల నిమిరింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

మరునాడు సాయంత్రం నడిమింట్లో పాపను పూలదండ వేసి కూర్చోబెట్టారు. పెద్దాయన ఒకరు అక్షరం చెబితే పాప గట్టిగా పలికింది, అందరూ మెచ్చుకున్నారు. తరువాత తీపి. కేకు పక్కకు ఖాలా గాజు గిన్నె తెప్పించింది. పెద్దకోడలు ఫ్రిజ్‌లో నుంచి తీస్తున్నప్పుడే ఒక్కసారి ఆగి చూసింది, అలాగే తెచ్చి బల్ల మీద పెట్టింది. ఖాలా చుట్టాల వైపు తిరిగి ఉర్దూలో మాట్లాడింది. వాళ్లది మా చేనేత వీధిలో వినిపించే ఉర్దూ కాదు గానీ ఆ మాట నాకు అర్థమైంది. చూడండి, నాలుగు వరుసలు ఎలా నిలబడ్డాయో, అంది.

పాప బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూసింది.

"దాదీ, వరుసలు లేవు. అంతా కలిసిపోయింది" అంది ఉర్దూలోనే.

ఖాలా నవ్వుతూనే గిన్నె కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి గిన్నెకు పక్కగా పోయి, పేర్చిన ప్లేట్లకు తగిలింది. అవి కిందపడిన చప్పుడు ఆగేసరికి పెద్దకొడుకు ఆమె ముందు నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె చూపు అతని చెవి పక్కన ఎక్కడో ఉంది.

"అమ్మీ?" అన్నాడు.

నేను గుమ్మం దగ్గర ఉన్నాను. అప్పుడు నేను ముందుకొచ్చి, తప్పు నాది అని చెప్పాల్సింది. చెప్పలేదు. మెట్లెక్కి పైకి వచ్చేశాను.

తరువాత వారమంతా కింద ఇల్లు వేరేగా వినిపించింది. కొడుకులు ఆమెను కర్నూలులో కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు. పోయిన చూపు రాదని, ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చుక్కల మందు వాడాలని చెప్పాడట. ఆమెను వంటింట్లోకి రానివ్వడం మానేశారు. ప్రేమతోనే మానేశారు. మధ్యాహ్నాలు ఆమె వరండాలో కుర్చీలో కూర్చునేది. నేను మెట్లు దిగి అటుగా పోతే అడుగుల చప్పుడుకు తల తిప్పేది. పిలిచేది కాదు.

ఆ రోజుల్లో నాకు ఒకే కల వచ్చేది. ఒక పొడుగాటి తెల్లటి గదిలో నడుస్తుంటాను, కాళ్ల కింద నేల మెత్తగా కుంగుతుంటుంది. మెలకువ వచ్చాక కూడా అరికాళ్లకు ఆ మెత్తదనం ఉన్నట్టే ఉండేది. మా ఆయనకు మొత్తం చెప్పాను.

"నాకు సెప్తే ఏమొస్తాది? ఆమెకు సెప్పు పో" అన్నాడు.

కిందికి పోయి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఖాలా, ఆ పొద్దు నేను ఆగలేదు. వేడి మీదనే పోసినా. అంతా కలిసిపోయింది. నీకు అబద్ధం సెప్పినా."

వీధిలో కూరగాయల బండి పోయింది. ఎదురింటి గోడ మీద నుంచి ఎండ దిగి మా కాళ్ల దాకా వచ్చింది.

"నీ మీద కోపం రొంత ఉన్నెది" అంది చివరికి. "రొంతే. నేను మాత్రం నిజం సెప్పినానా? ఏడాది పొద్దు ఇంట్లో అందురికీ నాకు బాగా కనపడ్తాందని సెప్పుకుంటా వచ్చినా. ఇద్దురం దొంగలమే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అయినా కరాబైందని సెప్పింటే ఏమైతాండె? గరిటెతో బాగా కలిపి, గ్లాసుల్లో పోసి, ఇది కొత్త రకం అని పెడుదుము గదా! కేకు కంటే అదే ముందు అయిపోతాండె."

"అట్ల గూడా సేస్తారా?"

"నా పెండ్లయిన కొత్తలో రెండుసార్లు సేసినా" అంది ఖాలా.

ఆ తరువాత ఆమె మా వంటింటికి రావడం మొదలుపెట్టింది. పెద్దకోడలే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, "పొయ్యి నువ్వు సూసుకో, మిగతాది అత్తమ్మ ఇష్టం" అని నాతో చెప్పి దిగిపోయేది. ఒకసారి కస్టర్డ్ గడ్డలు కట్టింది. ఒకసారి బిస్కెట్లు నానిపోయి వరుసే లేకుండా పోయింది. ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ప్రతిసారీ ఎందుకలా అయిందో చెప్పింది. వానాకాలం వచ్చేసరికి నా చేతికి ఆగడం అలవాటైంది.

శీతాకాలంలో ఎమ్మిగనూరులో మా చెల్లెలి బిడ్డకు తొట్టెల్లో వేసి పేరు పెట్టే వేడుక వచ్చింది. పుడ్డింగు నేను తెస్తానని అమ్మకు ఫోనులో చెప్పాను. ఖాలా పక్కనే ఉండి విన్నది.

"నేనూ వస్తా. అంగట్లో అన్ని ఎమ్మిగనూరు సీరలు అమ్మినాము, నేసే ఇల్లు ఒక్కసారీ సూడలేదు" అంది. చూడలేదు అన్న మాట తనే విని, భుజాలు కదిలేలా నవ్వింది.

థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి, మధ్యలో గిన్నె దించి, పెద్దకొడుకు బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు. దారంతా పెట్టె నా ఒళ్లోనే. రోడ్డు గుంతలు వచ్చినప్పుడల్లా ఖాలా చెయ్యి దాని మూత మీదికి వచ్చేది.

ఇంటికి చేరి మూత తీశాను. అమ్మ, నాయన, చెల్లెలు చుట్టూ చేరారు. ఖాలా మంచం మీద కూర్చుని చెవి ఇటు పెట్టింది.

"సెప్పు" అంది.

"నాలుగు వరుసలూ ఉండాయి ఖాలా. కానీ ఒకపక్క కుంగింది. బస్సులో ఒరిగినట్లుండాది. ఎరుపు ఆ పక్క వేలెడు లావు, ఈ పక్క కాగితమంత."

"లావున్న పక్క బిడ్డను కన్నతల్లికి పెట్టు. ఆ పక్కే తీపెక్కువ."

నాయన గిన్నెకు దగ్గరగా వంగి, కళ్లద్దాలు సరిచేసుకుని, గాజులో నుంచి చాలాసేపు చూశాడు.

"కోయబుద్ధి కావడంల్యాదు" అన్నాడు.

ఓళిగలతో పాటు పుడ్డింగూ అయిపోయింది. మా అమ్మ పళ్లు జివ్వుమంటున్నాయంటూనే రెండోసారి పెట్టించుకుంది. భోజనాలయ్యాక నాయన ఖాలాను మగ్గం దగ్గరకు తీసుకుపోయి, ఆమె చేతిని నేతలో ఉన్న చీర మీద పెట్టాడు. నేసిన గుడ్డ మీద ఆమె వేలి వెనకభాగం మెల్లగా జరిగింది. అంచు మొదలైన చోట ఆగింది.

"ఈడ రంగు మారినాది గదా అన్నా?"

"అవునమ్మా. నీకెట్ల తెలిసె?"

"పోగు లావైనాది" అంది ఖాలా.

తిరుగు బస్సులో జనం తక్కువ. కిటికీ బయట పత్తి చేలు సగం ఏరి, సగం తెల్లగా ఉన్నాయి. సాయంత్రపు ఎండలో ఎవరో ఆడవాళ్లు గుడ్డ మూటలు నెత్తిన పెట్టుకుని గట్టు వెంట వెళ్తున్నారు. వేడుకలో పాడిన తొట్టెల పాటలో ఒక ముక్క తనకు నచ్చిందని, మళ్లీ పాడమని ఖాలా అడిగింది. నాకు సగమే గుర్తుంది. ఉన్నంత మేరకు పాడాను. రెండోసారి పాడుతుండగా ఆమె తల నా భుజం మీదికి ఒరిగింది. కండక్టరు టికెట్ల కోసం మా దగ్గరికి వచ్చి, ఆమెను చూసి, గొంతు తగ్గించి "యాడికమ్మా?" అని అడిగాడు.

"ఆదోనికి, రెండు" అన్నాను నేను కూడా అంతే మెల్లగా.